పుత్రరంధ్రాలు, అనాస ఈగలు: పండు ఈగల చుట్టరికం ఎలా తేలుస్తారు?

ఆషాఢంలో అడవివరం దగ్గర కొన్న అనాసపండు రెండు రోజులు వంటింటి గట్టు మీద ఉందంటే చాలు, నువ్వుగింజంత ఈగలు ఎక్కణ్ణుంచి వస్తాయో గానీ వచ్చేస్తాయి. విశాఖ ఉక్కకి పండు తొందరగా పులుస్తుంది. పులిసిన చోట పెరిగే ఈస్ట్ కోసమే వాటి తాపత్రయమంతా. మొన్న తువ్వాలుతో తోలుతుంటే, ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్న మా మేనకోడలు చెయ్యి పట్టుకుంది.

"ఉండు మావయ్యా, చంపకు. నాకు కావాలి అవి."

ఖాళీ ఆవకాయ సీసా కడిగి, అందులో పండు ముక్క వేసి, మూతికి కాగితంతో గరాటు చుట్టింది. లోపలికి దిగడం తేలిక, మళ్ళీ ఆ సన్న మూతి వెతుక్కుని బయటికి రావడం కష్టం. సాయంత్రానికి పాతిక ముప్ఫై ఈగలు పడ్డాయి. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, మైక్రోస్కోపు కింద చూశానని, ఎక్కువ భాగం డ్రోసోఫిలా అననాసే అని, రెండు మూడు మాత్రం అదే డ్రోసోఫిలా ప్రజాతిలోని మెలనోగాస్టర్ అని చెప్పింది. మొదటిదానికి పేరులోనే అనాస ఉంది. 1858లో, ఇప్పటి ఇండొనేసియాలోని అంబోన్ దీవి ఈగలను చూసి పెట్టిన పేరది. మన దేశంలో ఇళ్ళ చుట్టూ బాగా కనిపించే రకం.

ఒక చిన్న సంగతి ముందే చెప్పుకోవాలి. మామిడి రైతు "పండు ఈగ" అంటే అది ఇది కాదు. కాయలో గుడ్లు పెట్టి లోపల పురుగు పట్టించే ఆ ఈగ బాక్ట్రోసెరా, వేరే కుటుంబం. మన వంటింటి ఈగ మంచి పండు జోలికి సాధారణంగా పోదు. పోయిన పండే దాని తిండి.

నాకు వచ్చిన అనుమానం వేరు. చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. ఇది దానికి అక్క, అది దీనికి పినతల్లి కూతురు అని వీళ్ళు ఎలా చెప్పగలుగుతున్నారు? కళ్ళతో చూసి చెప్పే పని కాదని చరిత్రే చెబుతోంది. అమెరికాలో టి. హెచ్. మోర్గన్ 1910లో తెల్లకళ్ళ ఈగను పట్టుకుని జన్యుశాస్త్రాన్ని మలుపు తిప్పిన తర్వాత కూడా, మెలనోగాస్టర్ అనుకున్న ఈగల్లో మరో జాతి కలిసిపోయి ఉందని ఎవరికీ తెలియలేదు. మోర్గన్ శిష్యుడు స్టర్టెవాంట్ 1919లో దాన్ని విడదీసి సిమ్యులాన్స్ అని పేరు పెట్టాడు. ఆడ ఈగలను విడదీయడం ఇప్పటికీ కష్టమే. మగవాటిలో జననాంగాల ఆకారం చూసి గుర్తుపడతారు.

ఇరవై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పినవాణ్ణి, వేలకొద్దీ పేపర్లు దిద్దినవాణ్ణి. నాకు ఈ వంశవృక్షాల లెక్క అక్కణ్ణుంచే అర్థమైంది. ఇద్దరు పిల్లలు సరైన జవాబు ఒకేలా రాస్తే ఏమీ అనలేం, ఇద్దరూ ఒకే పుస్తకం చదివారు. కానీ పత్రరంధ్రాలు అని రాయాల్సిన చోట ఇద్దరూ "పుత్రరంధ్రాలు" అని రాశారనుకోండి, ఒకడు రెండోవాడి పేపర్లో చూశాడు, లేదా ఇద్దరూ మూడోవాడిది చూశారు. చుట్టరికం పట్టించేది తప్పే. అయితే అన్ని తప్పులకీ ఒకే విలువ లేదు. ఒత్తు పడని చోట ఒత్తు, దీర్ఘం లేని చోట దీర్ఘం క్లాసులో సగం మంది ఎవరికి వాళ్ళే రాస్తారు. వాటిని పట్టుకుని ఎవణ్ణీ కాపీ కొట్టాడనలేం. "పుత్రరంధ్రం" లాంటిది అరుదు. ఎంత అరుదైన తప్పయితే అంత గట్టి సాక్ష్యం.

డీఎన్ఏలోనూ అంతే. అందులో ఉన్నవి నాలుగే అక్షరాలు. ఒక అక్షరం బదులు ఇంకోటి పడటం దీర్ఘాల తప్పు లాంటిది. మారిన అక్షరం మళ్ళీ వెనక్కి మారవచ్చు, చుట్టరికం లేని రెండు ఈగల్లో ఒకే చోట ఒకే మార్పు రావచ్చు. లక్షల అక్షరాలు పోల్చి, గణితం వేసి, ఆ గందరగోళంలోంచి చుట్టరికం తీస్తారు. అది పనికొచ్చే పద్ధతే, ఎక్కువగా జరిగేదీ అదే. కానీ జన్యువు అమరికే మారిపోయిన సందర్భాలు కొన్ని ఉంటాయి. ముక్కలు తెగడం, అతకడం, తలకిందులవడం, ఒకచోట ఉన్నది ఇంకోచోటికి దూకడం. ఇవి పుత్రరంధ్రాలు.

జన్యువు అమరిక అంటే ఏమిటో చెప్పాలంటే మా అమ్మ గుర్తొస్తుంది. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, సీరియల్ అయిపోయాక దబ్బనంతో కుట్టి పుస్తకం చేసేది. మధ్యలో ఉన్న కొబ్బరినూనె ప్రకటనలు, వారఫలాలు, వంటలు అన్నీ పోయేవి, కథ మాత్రం మిగిలేది. జన్యువు ఆ పత్రికల కట్ట. అందులో కథ ఉన్న పేజీలు ఎక్సాన్లు, మధ్యలో వచ్చేవి ఇంట్రాన్లు. కణం ముందు కట్ట మొత్తానికీ ఆర్ఎన్ఏ నకలు తీసి, ఇంట్రాన్లు కత్తిరించి, ఎక్సాన్లు కుట్టి, ఆ కుట్టిన పుస్తకం చూసి ప్రొటీన్ తయారు చేస్తుంది. జన్యువులు ఇలా ముక్కలుగా ఉంటాయని 1977లో బయటపడింది. దానికి రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్‌లకు 1993లో నోబెల్ వచ్చింది.

కథ ఎక్కడ ఆగి ప్రకటన మొదలైంది అన్నది ముఖ్యం. ప్రకటనలో ఏముందన్నది, అంటే ఇంట్రాన్‌లోని అక్షరాల వరస, తొందరగా మారిపోతుంది, కానీ ఆ చోటు మాత్రం కోట్ల ఏళ్ళు కదలకుండా ఉండిపోతుంది. అందుకే కొత్తగా ఒకచోట ఇంట్రాన్ కనిపిస్తే అది మంచి గుర్తు. ఈగల కంటి రంగుతో సంబంధం ఉన్న జాంథీన్ డీహైడ్రోజినేజ్ జన్యువులో ఇలాంటి అదనపు ఇంట్రాన్ విల్లిస్టోని, సాల్టాన్స్ అనే రెండు గుంపుల ఈగల్లో దొరికింది. మిగతా డ్రోసోఫిలాల్లో అది లేదు. ఆ రెండు గుంపులూ దగ్గర చుట్టాలని వేరే దారుల్లో అనుకున్నది దీనితో బలపడింది.

ఇంట్రాన్ రావడం కంటే పోవడం ఈగల్లో చాలా ఎక్కువ. పోయేది కూడా ఎక్కువగా ఎలాగంటే, కుట్టిన పుస్తకం నుంచి మళ్ళీ డీఎన్ఏ నకలు తయారై, అది వెళ్ళి పాత పత్రికల కట్ట స్థానంలో కూర్చుంటుంది. ప్రకటనలు లేని పేజీలు అక్కడ చేరతాయి. చిక్కేమిటంటే, ఇలా పోవడం రెండు వేర్వేరు కొమ్మల్లో విడివిడిగా జరగవచ్చు. లేకపోవడం అనేది బలహీనమైన సాక్ష్యం. ఇద్దరు పిల్లలు ఒకే ప్రశ్న వదిలేస్తే కాపీ కొట్టారని ఎవరంటారు?

ఆ కుట్టిన పుస్తకం పాత చోటికే వెళ్ళాలని లేదు. ఎక్కడో కొత్త చోట పడితే ఏమవుతుందో చెప్పడానికి జింగ్‌వే అనే జన్యువును మించిన కథ లేదు. పులిసిన పండులో ఉండే ఆల్కహాలును అరిగించుకోవడానికి ఈగలకు ఏడీహెచ్ అనే జన్యువు ఉంది. మన అనాస ముక్క మీద ఈగ బతకగలగడం దాని చలవే. ఆఫ్రికాలో ఉండే యాకుబా, టైస్సీరి అనే రెండు జాతుల్లో ఏడీహెచ్‌కి మరో నకలు కనిపించింది, అందులో ఇంట్రాన్లు లేవు. అంటే ఆర్ఎన్ఏ నుంచి వెనక్కి వచ్చిన నకలు. ఇలాంటివి సాధారణంగా పనిచేయవు, ఎందుకంటే జన్యువును ఎప్పుడు ఎక్కడ నడపాలో చెప్పే భాగం కుట్టిన పుస్తకంలో ఉండదు. అందుకే మొదట దీన్ని చచ్చిన జన్యువని తీసిపారేశారు.

1993లో మాన్‌యువాన్ లాంగ్, చార్ల్స్ లాంగ్లీ తిరిగి చూసేసరికి అది బతికే ఉంది. ఆ నకలు పోయి పోయి యాండే అనే మరో జన్యువు మధ్యలో పడింది. యాండే ముందు ఎక్సాన్లు, వెనక ఏడీహెచ్ నకలు కలిసి ఒకే జన్యువుగా చదవబడుతున్నాయి. ఒకరి సీరియల్ మొదటి వారాలకి వేరొకరి నవల అతికించి కుట్టినట్టు, కానీ చదివితే అర్థమయ్యే కథ. దానికి చైనా పురాణంలోని జింగ్‌వే పేరు పెట్టారు. సముద్రంలో మునిగి చనిపోయి పక్షిగా మళ్ళీ పుట్టిన రాకుమార్తె ఆమె. చచ్చిందనుకున్నది బతికింది కదా! వయసు సుమారు 25 లక్షల ఏళ్ళు. మెలనోగాస్టర్‌లో ఇది లేదు. ఏడీహెచ్ నకలు సరిగ్గా అదే జన్యువులో, అదే చోట రెండుసార్లు పడే అవకాశం లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. కాబట్టి యాకుబా, టైస్సీరిలకి ఉమ్మడి పూర్వీకురాలు ఉందని, ఆమెలోనే ఇది జరిగిందని నిశ్చింతగా చెప్పవచ్చు.

ఇంతవరకూ ఒక్కో జన్యువు సంగతి. ఇప్పుడు జన్యువుల వరుస సంగతికి వద్దాం. దీనికి మన స్టేషన్‌కి మించిన పోలిక లేదు. హౌరా వైపు నుంచి చెన్నై వెళ్ళే చాలా బండ్లు విశాఖ స్టేషన్‌లో ఇంజను ఈ చివర విప్పి ఆ చివర తగిలించుకుని, వచ్చిన దిక్కుకే మళ్ళీ బయల్దేరతాయి. దువ్వాడ దాటాక ఏ ముఖం ఎటు ఉందో తెలియక సామాను వెతుక్కునే ప్రయాణికులను ఏటా చూస్తూనే ఉంటాం. జన్యువులు పెట్టెల్లా వరసగా తగిలించి ఉన్న బండి క్రోమోజోము. కానీ ఇక్కడ బండి మొత్తం తిరగదు. మధ్యలో కొన్ని పెట్టెలు రెండు చోట్ల తెగి, ఆ ముక్క మాత్రం తిరగబడి మళ్ళీ అతుక్కుంటుంది. దీన్నే ఇన్వర్షన్ అంటారు.

పది పెట్టెల బండి తీసుకోండి. 1 2 3 4 5 6 7 8 9 10. ఇందులో 3 నుంచి 6 వరకు తిరగబడితే 1 2 6 5 4 3 7 8 9 10 అవుతుంది. ఇప్పుడు ఈ కొత్త బండిలో 4 3 7 8 అనే ముక్క తిరగబడితే 1 2 6 5 8 7 3 4 9 10. కాగితం మీద వేసి చూడండి, మొదటి వరస నుంచి మూడో వరసకి ఒక్క తిరగబాటుతో వెళ్ళలేరు. రెండు తిరగబాట్లతో వెళ్ళాలంటే ఆ మధ్య వరస మీదుగానే వెళ్ళాలి, వేరే దారి లేదు. అడవిలో మొదటిదీ మూడోదీ మాత్రమే దొరికినా, రెండోది ఎప్పుడో ఎక్కడో ఉండేదని చెప్పేయొచ్చు.

జన్యుశాస్త్రవేత్త డోబ్జాన్‌స్కీ, పైన చెప్పిన స్టర్టెవాంట్ 1930లలో చేసిన పని సరిగ్గా ఇదే. అమెరికా పడమటి రాష్ట్రాల్లో సూడోఅబ్స్క్యూరా అనే ఈగలను పట్టి, మూడో క్రోమోజోములో వరసలు గీశారు. పైక్స్ పీక్, శాంతా క్రూజ్ అంటూ ఎక్కువగా ఊళ్ళ పేర్లు, కొండల పేర్లు పెట్టారు. స్టాండర్డ్ అనే వరసకీ శాంతా క్రూజ్‌కీ మధ్య ఒక మెట్టు లోపించింది. ఆ మెట్టును కాగితం మీద ఊహించి వేసి, దానికి హైపొథెటికల్ అనే పేరే ఖాయం చేశారు. డీఎన్ఏ నిర్మాణం తెలియడానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందు గీసిన వంశవృక్షం ఇది! నా మటుకు నాకు జీవశాస్త్రంలో ఇంత అందమైన తర్కం తక్కువ చోట్ల కనిపించింది. ఒక లోపం మాత్రం ఉంది. ఈ లెక్క ఎవరి పక్కన ఎవరో చెబుతుంది గానీ, ఎవరు ముందో చెప్పదు. వరస 1 నుంచి 3కి వచ్చిందా, 3 నుంచి 1కి వచ్చిందా అన్నది తేలాలంటే కొంచెం దూరపు చుట్టాన్ని తెచ్చి పోల్చాలి.

అప్పట్లో ఈ వరసలు ఎలా చూశారంటే, లార్వా లాలాజల గ్రంథుల్లో. ఆ కణాలు విడిపోకుండా డీఎన్ఏని మాత్రం పదే పదే నకలు తీస్తాయి, వెయ్యికి పైగా పోగులు ఒకదానికొకటి అంటుకుని లావైన తాడులా అవుతాయి. దాని మీద నల్లటి, తెల్లటి అడ్డపట్టీలు. పాలిటీన్ క్రోమోజోములంటే ఇవే. మా మేనకోడలు చేస్తుంటే దగ్గరుండి చూశాను. సీసా గోడ ఎక్కి పాకుతున్న బాగా బలిసిన లార్వాను ఎంచి, స్లైడు మీద ఉప్పునీటి బొట్టులో పెట్టింది. ఒక సూదితో ఒంటిని అదిమి, ఇంకో సూదితో నల్లటి నోటి కొక్కేల దగ్గర పట్టి లాగింది. తలతో పాటు రెండు పారదర్శకమైన సంచులు జారి వచ్చాయి, వాటి పక్కన కొవ్వు నురగలా అంటుకుని ఉంది. కొవ్వు తీసేసి, ఆర్సీన్ రంగు వేసి, కాసేపు ఆగి, పైన కవర్ స్లిప్ పెట్టి బ్లాటింగ్ పేపరు కప్పి బొటనవేలితో నొక్కింది. మొదటి రెండు స్లైడ్లలో కవర్ స్లిప్ పక్కకి జారి అంతా నలిగిపోయింది. మూడోదానిలో పట్టీల తాళ్ళు విడివిడిగా పరుచుకున్నాయి. ఒకచోట తాడు చుట్ట తిరిగి ఉంది. తల్లి నుంచి వచ్చిన వరస ఒకటి, తండ్రి నుంచి వచ్చింది తిరగబడ్డ వరస. పట్టీకి పట్టీ జత కలవాలంటే అలా ఉచ్చులా మెలిక పడక తప్పదు. రెండో క్రోమోజోము ఎడమ భుజంలో, అంటే దాని నడుముకి ఎడమవైపు భాగంలో, ఆల్ఫా అనే ఇన్వర్షన్ అట. అననాసేలో లోకమంతటా కనిపించే మూడు ఇన్వర్షన్లలో అదొకటి.

ఇన్నిసార్లు తిరగబడినా జన్యువులు భుజం దాటి భుజం మారడం తక్కువ. మెలనోగాస్టర్ జన్యుక్రమం 2000లో వచ్చింది. 2007లో మొత్తం 12 జాతులవి పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, నూటికి 95 జన్యువులు అదే భుజం మీద ఉన్నాయని తేలింది. గదిలో సామాను సర్దుళ్ళు మారతాయి గానీ, గది మారేవి తక్కువ.

మారితే? ఈ మొత్తంలో నన్ను బాగా ఆపిన కథ అదే. మగ ఈగ వీర్యకణాలు ఈదాలంటే జేవైఆల్ఫా అనే జన్యువు ఉండాలి. మెలనోగాస్టర్‌లో అది నాలుగో క్రోమోజోము మీద ఉంది, సిమ్యులాన్స్‌లో మూడో దాని మీదకి పోయింది. రెండూ బాగానే ఉన్నాయి. ఇప్పుడు మెలనోగాస్టర్ ఈగలో నాలుగో క్రోమోజోము జత తీసేసి సిమ్యులాన్స్ జత పెట్టండి. మూడోది మెలనోగాస్టర్‌ది కాబట్టి అందులో ఆ జన్యువు లేదు. నాలుగోది సిమ్యులాన్స్‌ది, అందులోనూ లేదు. ఈ ఇంట్లో తాళం చెవి బీరువాలో ఉంటుంది, ఆ ఇంట్లో దేవుడి గూట్లో ఉంటుంది. ఆ ఇంటి బీరువా, ఈ ఇంటి దేవుడి గూడు కలిపి కొత్త ఇల్లు కడితే తాళం చెవి ఎక్కడా లేదు. అలాంటి మగ ఈగల వీర్యకణాలు కదలవు, పిల్లలు పుట్టరు. ఒక్క అక్షరం చెడలేదు, జన్యువు చోటు మారిందంతే. 2006లో ఇది తేలింది. అమరిక మార్పు చుట్టరికాన్ని చెప్పడమే కాదు, తెంపగలదు కూడా.

ఇక మన అనాస ఈగ దగ్గరికొస్తే, దానిలో కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపించే మార్పు ఒకటుంది. ఈగల్లో చిన్న చుక్కంత క్రోమోజోము ఉంటుంది, ఎఫ్ అంటారు, జన్యువులు ఎనభై దాకా ఉంటాయి. మెలనోగాస్టర్‌లో దాని పొడవు సుమారు 52 లక్షల అక్షరాలు. అననాసేలో 1 కోటి 87 లక్షలు దాటింది. అననాసే క్రోమోజోముల్లోకి వోల్బాకియా అనే బాక్టీరియా జన్యుక్రమం దాదాపు మొత్తంగా చొరబడిందని 2007లో తెలిసినప్పుడు పెద్ద సంచలనం. దాంతో నేను కూడా ఎఫ్ ఉబ్బడానికి అదే కారణమనుకున్నాను. 2017లో వచ్చిన విశ్లేషణ వేరే చెప్పింది. వాళ్ళు నిశితంగా చూసిన భాగంలో పెరిగిన పొడవులో 78.6 శాతం ట్రాన్స్‌పోజాన్ల పని, అంటే తమను తామే నకలు తీసుకుని ఎక్కడ పడితే అక్కడ దూరే డీఎన్ఏ ముక్కలు. వోల్బాకియా వాటా 0.02 శాతమే. ఆ ముక్కలు ఎక్కువగా చేరడంతో ఇంట్రాన్లు సాగి, జన్యువులు పొడుగయ్యాయి. సీరియల్ అదే, మధ్యలో ప్రకటనలు పెరిగిపోయాయి.

చుట్టరికం తేల్చడానికి ఈ ఉబ్బు పెద్దగా అక్కరకు రాదు. ఇంట్రాన్ పొడవు ఎవరి ఇంట్లో వాళ్ళకి పెరుగుతుంది, తగ్గుతుంది. ఇంట్రాన్ ఉన్న చోటు మాత్రం చెబుతుంది. అల్లరి చేసే మార్పును చూసి మోసపోయేవాళ్ళు, నాతో సహా, చాలామందే ఉంటారు.

ఇన్ని సాక్ష్యాలున్నా, కొన్ని కొమ్మల దగ్గర జన్యువులు ఒకదానితో ఒకటి ఒప్పుకోవు. మెలనోగాస్టర్, యాకుబా, ఎరెక్టా అనే మరో జాతి, ఈ ముగ్గురిలో ఎవరు ఎవరికి దగ్గర అని వేలకొద్దీ జన్యువులను అడిగితే, ఎక్కువ మంది యాకుబా, ఎరెక్టా అక్కాచెల్లెళ్ళన్నారు. కానీ కాదన్న జన్యువులూ తక్కువేం కాదు. అవి అబద్ధమాడటం లేదు. నాయనమ్మ నగలు ముగ్గురు కొడుకుల పిల్లలకి పంచినప్పుడు పెద్దకొడుకు కూతురికీ, చిన్నకొడుకు కూతురికీ ఒకే జత గాజుల్లో చెరొకటి రావచ్చు. అంతమాత్రాన వాళ్ళు ఒకే తల్లి పిల్లలు కారు. పూర్వీకుల గుంపులో ఒక జన్యువుకి రెండు మూడు రూపాలు ఉండి, అవి తేలకముందే జాతులు వెంటవెంటనే విడిపోతే, ఏ రూపం ఎవరి వాటాకి వచ్చిందన్నది అదృష్టం. అమరిక మార్పులకీ ఈ చిక్కు లేకపోలేదు. ఇన్వర్షన్లు కూడా ఒకే గుంపులో రెండు రూపాలుగా ఎంతో కాలం నడుస్తాయి. మా వంటింటి ఈగలో కనిపించిన మెలికే దానికి రుజువు.

వృక్షం తేలినా పేరు తేలదు. డ్రోసోఫిలాలో 1,500కి పైగా జాతులున్నాయి. చుట్టరికాలు గీసి చూస్తే మెలనోగాస్టర్, అననాసే ఉన్న సోఫోఫోరా అనే శాఖ, డ్రోసోఫిలా అన్న పేరుకి అసలు హక్కున్న శాఖకి దూరంగా ఉంది. మధ్యలో వేరే పేర్లున్న ఈగలు దూరాయి. తర్కం ప్రకారం విడదీస్తే జన్యుశాస్త్రం మొత్తం నూరేళ్ళుగా డ్రోసోఫిలా మెలనోగాస్టర్ అని పిలుచుకున్న ఈగ సోఫోఫోరా మెలనోగాస్టర్ అవ్వాలి. అలా కాకుండా పేరును కాపాడమని అంతర్జాతీయ నామకరణ సంఘానికి అర్జీ పెడితే, 2010లో వాళ్ళు ఒప్పుకోలేదు. విడదీయమనీ అనలేదు. స్టేషన్ పేరు మారి ఇన్నేళ్ళయినా వాల్తేరు అనేవాళ్ళు మన ఊళ్ళో ఇంకా ఉన్నట్టు, ప్రయోగశాలల్లో పాత పేరే నడుస్తోంది. మా మేనకోడలు పట్టుకెళ్ళిన ఆవకాయ సీసా మీద కూడా మార్కరుతో "డ్రో. అననాసే, మావయ్య వంటిల్లు" అని రాసి ఉంది.